ఒకవైపే అంచున్న దుప్పటి

మా పెద్దబాపు చనిపోయాడు. కల్వకుర్తిలో పొయ్యి మీద పాలు పెట్టి, కరెంటు ఆఫీసుకు టిఫిన్ సర్దుకుంటున్న పూట బాపు ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. "అన్న పోయిండు బిడ్డా. గడ్డం గీసుకుందామని అద్దం ముందల కూసున్నడు. గట్లనే ఒరిగిండు," అన్నాడు. సగం గీసిన గడ్డంతో అన్నను ఊరికి చూపించడం ఇష్టం లేక మిగతా సగం తానే గీశాడట. ఇవతల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

తర్వాత పెద్దమ్మ ఫోన్ తీసుకుంది. ఏడవడం లేదు. పనులు పురమాయించేటప్పుడు ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది.

"కొత్తకోట నుంచి చెల్లె వచ్చేదాక నన్ను లేపొద్దని మీ పెద్దబాపు ఎప్పుడో చెప్పి పెట్టిండు. ఫోన్ చేసినం, వస్త అన్నది. కల్వకుర్తి మీదికెల్లే వస్తరు, నువ్వు వాళ్ల కార్లనే ఎక్కు. తొవ్వల యాడ ఆగకుండ్రి. ఈడ పెద్దమనుషులు పొద్దుగూకక ముందే లేపాలంటరు. నేను లేపనియ్య. గని నేనొక్కదాన్ని ఎంతసేపని ఆపుత?"

అంతే, పెట్టేసింది. చివరికి ఆ ఒక్క కోరికే మిగిల్చి పోయాడు ఆయన. అది తీరుతుందా లేదా అన్నది ఆ రోజు పొద్దు మీద ఆధారపడి ఉంది.

మాది మోత్కూరు దగ్గర మగ్గాలున్న ఊరు. ఊరందరికీ ఆయన కప్తాన్ సాబ్. సిపాయిగా పోయి, సుబేదారై, దిగిపోయేనాటికి కప్తాన్ అన్న గౌరవం పొందిన మనిషి. నాకు మాత్రం బాపుకు అన్న, పెద్దబాపు. వాళ్లకు పిల్లలు లేరు. నన్నే పెంచి, చదివించి, పెళ్లప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చారు ఇద్దరూ.

కొత్తకోట అత్త మా రక్త సంబంధం కాదు. కులం వేరు, మతం వేరు. చర్చికి పోయే కుటుంబం. ఒకప్పుడు సెంటు భూమి లేకుండా దొరల పొలాల్లో కూలి చేసినవాళ్లు. ఆమె అన్నా, మా పెద్దబాపూ ఒకే రోజు ఫౌజులో చేరారు. ఆ అన్న బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటి నుంచి రాఖీ పున్నమికి పెద్దబాపు ఎక్కడున్నా సెలవు పెట్టుకుని కొత్తకోట బస్సెక్కేవాడు. రాలేని ఏడు ఆమే వచ్చేది. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె మాకు మేనత్త. "కట్నాలప్పుడు ఈమెతోనె సరిపోయింది, సొంత ఆడిబిడ్డలు లేకపోవుడే మంచిగయింది" అని పెద్దమ్మ నవ్వుతూ సతాయించేది.

సంచి సర్దుకుని చౌరస్తాలో నిలబడ్డాను. ఎంతసేపటికీ వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే అత్త కొడుకు ఎత్తాడు. కిరాయి కారు నడుపుతాడు, నాకు బావ వరస. "కారు తీసి వాకిట్ల నిలబెట్టిన. అమ్మనే బయటికి వస్తలేదు," అన్నాడు. అత్తను పిలవమన్నాను. "జర ఆగుండ్రి బిడ్డా. ఇంట్ల పనున్నది," అంది ఆమె. నాకు ఒళ్లు మండింది. అన్న శవం అక్కడ వాకిట్లో పెట్టి ఉంటే ఈమెకు ఇంట్లో ఏం పని? నా నోరు మంచిది కాదని మా ఆఫీసంతా అంటారు. ఆ పూట ఎట్లాగో నొక్కుకున్నాను.

నిలబడ్డ చోటే ఆయన కళ్ల ముందు తిరగడం మొదలుపెట్టాడు. ఫౌజులో ఎందుకు చేరావని ఎవరడిగినా పెద్దబాపు దేశం మాట ఎత్తేవాడు కాదు. "నూలు దొరక్క," అనేవాడు. చైనాతో యుద్ధం నడిచి చల్లారిన రోజులు. మా తాత మగ్గానికి నూలు లేదు, ఇంట్లో గింజలు లేవు. సికింద్రాబాదులో మనుషులను తీసుకుంటున్నారని విని నడిచీ లారీలెక్కీ పోయాడు. వరసలో ఆయన వెనక నిలబడ్డవాడే కొత్తకోట మనిషి. దొర పశువులు కాసి, ఆ పని చేయలేక వచ్చినవాడు. ఇద్దరూ బక్కగా ఉన్నారు. తూకంలో తప్పేట్టు ఉన్నారని ఎవరో చెబితే, ఉన్న చిల్లరతో అరటిపండ్లు కొనుక్కు తిని, నల్లా దగ్గర పొట్ట పగిలేదాకా నీళ్లు తాగారట. తూకం అయ్యేదాకా ఉచ్చ ఆపుకోవడం తన జీవితంలో చేసిన మొదటి వీరకార్యమని చెప్పేవాడు.

మొదటి యుద్ధం పంజాబు సరిహద్దులో. మోర్చా తవ్వమంటే పట్నపు పిల్లలు చేతులు బొబ్బలెక్కి కూలబడ్డారట. "నేను పెరిగిందే గుంటల," అనేవాడు పెద్దబాపు. "మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్నోనికి మోర్చా గుంట కొత్తనా? వాడేమో బాయిలు తవ్విన చేతులాయె. మా ఇద్దరి గుంట అందరికంటె ముందే అయితుండె." ఆ గుంటలో కూచుని రోజుల తరబడి ఏం చేశారని అడిగితే, ఎదురుచూశామనేవాడు. "యుద్ధమంటె కొట్లాట కాదు బిడ్డా. ఎదురుచూసుడు. కొట్లాట జరంతనే."

మేం పిల్లలం ఆయన చుట్టూ చేరి అడిగేవాళ్లం.

"పెద్దబాపూ, ఎంతమందిని సంపినవ్?"

"ఎంతమందికి చాయ్ పోసిన్నో అడుగుండ్రి, చెప్త."

అడిగిన ప్రతిసారీ ఇదే జవాబు. మాకు చప్పగా అనిపించి పారిపోయేవాళ్లం. మంచు పడే చోట చాయ్ చల్లారకుండా గ్లాసును చంకలో పెట్టుకుని పక్క మోర్చాకు ఎట్లా తీసుకుపోయాడో ఒక్కడే వాకిట్లో కూచుని చెప్పుకునేవాడు. చివరిదాకా ఆయన చాయ్ గ్లాసు పట్టుకునే తీరు అదే. ఎండాకాలం కూడా రెండు చేతులతో పట్టుకుని గుండెకు ఆనించుకునేవాడు.

కారు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. అత్త వెనక సీట్లో, ఒళ్లో గుడ్డ సంచి పెట్టుకుని కూచుంది. డెబ్బై దాటిన మనిషి, బడిలో ఆయాగా పనిచేసి దిగిపోయింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను ఎక్కగానే నా చెయ్యి పట్టుకుంది. ఆలస్యం ఎందుకైందని అడగబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాను. దేవరకొండ తొవ్వ పట్టాం. దారి పొడుగునా ఒక చెయ్యి నా చేతిలో, ఒక చెయ్యి సంచి మీద.

ఆ సంచిలో ఏముందో నాకు తట్టాలి. తట్టలేదు. కానీ మనసు మాత్రం తిరిగి తిరిగి దుప్పటి దగ్గరికే పోయింది.

ఆ దుప్పటి సంగతి చెప్పాలంటే మా మగ్గాల సంగతి కొంచెం చెప్పాలి. మా గుంట మగ్గాల మీద పన్నా, అంటే బట్ట వెడల్పు, తక్కువ. వెడల్పు దుప్పటి ఒకే ముక్కగా రాదు. రెండు సగాలు విడివిడిగా నేసి నడుమ కుట్టు వేస్తారు. ఒక్కో సగానికి ఒకవైపే రంగు అంచు ఉంటుంది. కుట్టు పడ్డాక రెండు వైపులా అంచు కనిపించి నిండు దుప్పటి అవుతుంది. ఆ కుట్టును మా ఇళ్లల్లో ఊరికే విప్పరు. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు విప్పుతారు. గిన్నెలు పంచుకున్నట్టే తల్లిదండ్రుల దుప్పటి కుట్టు విప్పి చెరో సగం ఇస్తారు. చిరిగిందైనా సరే, ఇస్తారు. నేను అట్లా రెండిళ్లలో చూశాను.

ఫౌజుకు పోయేటప్పుడు పెద్దబాపుకు తాత ఒక దుప్పటి నేసి ఇచ్చాడు. తెల్లది, ఎర్ర అంచు. నూలు లేని రోజుల్లో ఎక్కడ తెచ్చాడో. నడుమ కుట్టు అవ్వ వేసింది. పెద్దబాపు బిస్తరు చుట్టలో సర్కారు కంబళితో పాటు ఆ దుప్పటి కూడా అన్ని చోట్లకూ తిరిగింది. కొత్తకోట ఆయనకు ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డ ముక్క లేదు. చలికి ఇద్దరూ ఆ ఒక్క దుప్పటి కిందే పడుకునేవాళ్లు. "రాత్రంత గుంజుకునుడే," అనేవాడు పెద్దబాపు. "వాడు పొడుగు. కాళ్లు బయటికొచ్చేటియి. నేను మొత్తం వానికే ఇడిసి ఒక ఒరకు, అంచుకు పండుకుంటుంటి."

బంగ్లాదేశ్ యుద్ధం గురించి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. నాకు ఉద్యోగం వచ్చి కల్వకుర్తి పోయే ముందు, ఒక సాయంత్రం బాపు మగ్గం మీద ఆయన కూచుని తెగిన పోగులు అతుకుతున్నాడు. నేను నూలు కండెలు చుడుతున్నాను. తల ఎత్తకుండా చెప్పాడు.

"కాల్వ దాటుతున్నం. నేను ముందు, వాడు ఎనక. ఒడ్డెక్కి చెయ్యిచ్చిన. చెయ్యి పట్టుకున్నడు. పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉన్నది, మనిషి లేడు."

కాసేపు పోగు ముడి వేశాడు.

"గప్పట్ల ఇంటికి పంపే రివాజు లేకుండె. ఆడనే మన్నుల పెట్టిండ్రు. వాళ్ల దేవుని మాట చెప్పనీకి మలయాళం పోరడు ఒకడుండె, చెప్పిండు. మీద ఇంటి బట్ట ల్యాక పంపుడెట్ల? బిస్తర్ల దుప్పటి తీసిన. గడ్డం గీసుకునే బ్లేడుతోని కుట్టు కోసిన. ఒక సగం వాని మీద కప్పిన."

"మొత్తం దుప్పటే కప్పొచ్చు గద పెద్దబాపూ?" అన్నాను.

"వాళ్ల అమ్మకు చూపెట్టనీకి ఏదన్న ఉండాలె గద బిడ్డా."

ఆ మాట తర్వాత నేను కండె చుట్టలేకపోయాను.

యుద్ధం అయ్యాక సెలవు మీద వచ్చి ముందు మా అవ్వకు చెప్పాడట. కుట్టు విప్పిన సంగతి చెప్పడానికి భయపడుతూ చెప్పాడట. అవ్వ మిగిలిన సగాన్ని ఒళ్లోకి తీసుకుందట. తర్వాత, "కుట్టు ఇప్పుకొని వేరువడ్డరంటె, నాకు ఇంకో కొడుకుండె అన్నట్టు. నాకు చూపియ్యకపోతివి," అందట. దాన్ని మడిచి ఇచ్చి, తానే వెంట బయల్దేరి కొత్తకోట పోయింది. అప్పటికి అత్తకు పెళ్లి కూడా కాలేదు. ఇద్దరు తల్లులూ ఆ ముక్కను చెరో కొన పట్టుకుని కూచున్నారని అత్త చెప్పేది. వాళ్లింట్లో ఆ మనిషి ఫొటో లేదు. సమాధి ఎక్కడుందో తెలియదు. ఆ సగం దుప్పటే మిగిలింది. తల్లి పోతూ కూతురికి ఇచ్చింది. అత్త దాన్ని ఇనుప పెట్టెలో వేపాకుల మధ్య దాచింది. ఏడాదికోసారి, రాఖీ నాడు, పెద్దబాపు వచ్చినప్పుడు తీసి ఎండకు వేసేది. ఇద్దరూ మంచమ్మీద కూచుని అది ఎండేదాకా చూసి, మడిచి లోపల పెట్టేవాళ్లు.

దేవరకొండ దాటాక బాపు ఫోన్ వచ్చింది. "యాడిదాక వచ్చిండ్రు? ఈడ ఊకుంటలేరు," అన్నాడు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. బావ కారు వేగం పెంచాడు. అత్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

ఫౌజులో పెద్దబాపు ఇంకా చాలా ఏళ్లున్నాడు. మెల్లమెల్లగా మెట్లెక్కాడు, భుజం మీద పట్టీలు పెరిగాయి. చివరగా శ్రీలంక పోయాడు. అక్కడి నుంచి వచ్చాక మాటలు తగ్గాయి. ఎప్పుడో నోరు జారినట్టు అన్నాడు: "మా పల్టన్ల తమిళ పోరగాండ్లు మస్తుండిరి. అవతలోడు గూడ తమిళమే. పానం పోయేటప్పుడు ఇద్దరు ఒక్కతీరుగనే అమ్మను పిలిసిరి." ఆ యుద్ధానికి ఇచ్చిన పతకపు బిళ్లను ఆయన ఎప్పుడూ పెట్టుకోగా చూడలేదు. మిగతావి కూడా జెండా పండుగ నాడు పిల్లల కోసమే పెట్టుకునేవాడు, ఇంటికి రాగానే తీసి గూట్లో పడేసేవాడు.

దిగిపోయి ఇంటికి వచ్చాక కార్గిల్ యుద్ధం వచ్చింది. ఊరి జనమంతా మా టీవీ ముందు చేరారు. కప్తాన్ సాబ్ అర్థం చేసి చెబుతాడని. జెండా కప్పిన పెట్టెలు విమానంలో నుంచి దించి, ఒక్కొక్కరినీ సొంత ఊళ్లకు పంపుతున్నారు. పెద్దబాపు లేచి నిలబడ్డాడు. "గిప్పుడు ఇంటికి తెస్తున్నరు," అన్నాడు. అంతే. తెల్లారి చూస్తే మనిషి లేడు. కొత్తకోట పోయాడు. రాఖీ ఇంకా రాలేదు, ఏమిటి ఇట్లా వచ్చాడని అత్త అడిగితే, దుప్పటి తియ్యమన్నాడట. చూసి, వచ్చేశాడు.

ఒకసారి ఆ సగానికి జత నేయాలని కూడా పూనుకున్నాడు. చెల్లెలికి నిండు దుప్పటి ఇవ్వాలని. బాపు దగ్గర కూచుని, అదే తెలుపు, అదే ఎరుపు అంచు, నెలంతా కష్టపడ్డాడు. కొత్తకోట తీసుకుపోయి పక్కన పరిస్తే పాతది పాలమీగడ రంగు తిరిగింది, కొత్తది తెల్లగా మెరుస్తోంది. అత్త నవ్వు ఆపుకోలేక, "అన్నా, గిది వేరే ఇంటి పిల్లోడు," అంది. ఆయనా నవ్వాడు. మళ్లీ ప్రయత్నం చేయలేదు. అప్పటి నుంచి రాఖీకి తువ్వాళ్లే నేసి తీసుకుపోయేవాడు. "ఇన్ని తువ్వాలలిస్తివి, దుకాణం పెట్టుమంటవా?" అని అత్త ప్రతి ఏడూ అడిగేది.

తెలంగాణ వచ్చాక జిల్లాలు విడగొట్టినప్పుడు ఆయనకు తమాషాగా ఉండేది. మా ఊరు నల్లగొండలో లేకుండా పోయింది, కొత్తకోట పాలమూరులో లేకుండా పోయింది. "రెండు దేశాల సరిహద్దులు కాసిన. మా జిల్లా సరిహద్దు యాడున్నదో నాకే ఎరుక లేకపాయె," అనేవాడు. ఆవిర్భావ దినం నాడు బడి పిల్లలు జెండా ఎగరేయమని పిలిస్తే, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని పోయి, ఉపన్యాసం అడిగితే, "మంచిగ నిలవడ్డరు. ఎండల నిలవడ్డరు. పోయి నీల్లు తాగుండ్రి," అని దిగేవాడు. పిల్లలు ఆయనకే ఎక్కువ చప్పట్లు కొట్టేవాళ్లు.

ఒక అలవాటు మాత్రం పెద్దమ్మను జీవితమంతా విసిగించింది. మంచమ్మీద ఎప్పుడూ ఒక అంచుకే పడుకునేవాడు. నులక మంచమైనా, పరుపు మంచమైనా, చివరికి దవాఖానాలో ఇనుప మంచమైనా. పక్కన మనిషి పట్టేంత జాగా వదిలేవాడు. "ఎవలొస్తరని గా జాగ? కింద పడ్తవ్, నడుమ పండుకో," అని పెద్దమ్మ అరిచేది. నడుమకు జరిగేవాడు. పొద్దున లేచేసరికి మళ్లీ అంచునే ఉండేవాడు.

మేం ఊరు చేరేసరికి పొద్దు వాలిపోయింది. వాకిలంతా జనం. నలుగురు మాజీ సైనికులు బిళ్లలు పెట్టుకుని పూలచక్రం తెచ్చారు. పాడె కట్టి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ ఆయన తల దగ్గర కూచుని, ఒక చెయ్యి పాడె కర్ర మీద వేసి ఉంది, ఎవరూ లేపకుండా. ఆమెను ఆ తీరుగా చూశాకే నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది. పెద్దబాపు నున్నగా గడ్డం గీసి, తెల్లచొక్కాలో పడుకుని ఉన్నాడు. బాపు చేయి తిరగని మనిషి, చెవి కింద చిన్న గాటు పెట్టాడు.

అత్త జనంలో నుంచి దారి చేసుకుంటూ పోయి ఆయన పాదాల దగ్గర కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని సంచిలో చెయ్యి పెట్టింది. బయటికి తీసింది. వేపాకు పొడి రాలుతున్న పాత సగం దుప్పటి.

మా వాడ కులపెద్ద ముందుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. పద్ధతి మనిషి.

"అమ్మా, మొదటి బట్ట మావోళ్లది కప్పాలె. గిది మా కట్టడి. నీది తర్వాత పెట్టు. పైంగ గది పాతది, సగం ముక్క."

జనం అటూ ఇటూ చూశారు. మొదటి బట్ట సొంత ఇంటిది కావాలన్నది నిజమే, అందరికీ తెలుసు. పైకి అనని ఇంకో మాట కూడా ఉంది, ఆమె ఎవరు, వాళ్లెవరు అన్నది. అది కూడా అందరికీ తెలుసు. అత్త చేతులు ఆగిపోయాయి. ఎప్పుడూ రెడీగా ఉండే నా నోరు ఆ పూటే మూసుకుపోయింది.

పెద్దమ్మ తల ఎత్తి కులపెద్ద వైపు చూసింది.

"సూడు బావా. కుట్టు ఇప్పుకునేది ఎవలు? అన్నదమ్ములా, కాదా? నువ్వే గద మొన్న మీ తమ్మునితోని వేరువడి దుప్పటి ఇప్పి పంచినవ్. గీ కుట్టు నా పెనిమిటి సొంత చేతుల్తోని ఇప్పిండు. అటు సగం కప్పుకున్నోడు ఈయినకు తమ్ముడు. ఆమె ఈ ఇంటి ఆడిబిడ్డ. మొదటి బట్ట ఆమెది కాకుంటె ఎవలది?"

కులపెద్ద దుప్పటి దగ్గరికి వచ్చి, వంగి, అంచు లేని వైపును వేళ్లతో తడిమాడు. అవ్వ వేసిన కుట్టు రంధ్రాలు వరసగా ఇంకా అట్లాగే ఉన్నాయి. మగ్గం మీద బతికిన వేళ్లకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "కప్పు బిడ్డా," అన్నాడు.

అప్పుడు పెద్దమ్మే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దే పిల్లా. నిన్ను సూస్త అన్నడు గని దుప్పటి తెమ్మనలే. మీ అన్నది ఇంకేమున్నది నీ దగ్గర? ఒక్కసారి కప్పి తీసుకో. కాలవెట్టకు. దాసుకో."

అత్త తల అడ్డంగా ఊపింది. ఆమె గొంతు చిన్నది, కానీ వాకిలంతా వినిపించింది.

"పొద్దుగాల పెట్టె ముందల కూసున్న, వదినె. తియ్యాల్నా వద్దా అని. గందుకే ఆలిస్యమైంది. గిది ఇంట్లుంటె మా అన్న ఇంట్లున్నట్టే ఉండె నాకు. గని వాడు గాడ మన్నుల ఒక్కడే సగం కప్పుకొని పండె. ఇన్నేండ్లు ఈ సగం పెట్టెల వెట్టి, ఇద్దరి నడుమ నేనే అడ్డమున్న. ఇగ పోనియ్యుండ్రి. ఇద్దరు కలుస్తరు."

మాజీ సైనికుల్లో ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చౌరస్తాలో ఈమె మీద లోలోపల మండిపడ్డ నేను, ఒక ఇనుప పెట్టె ముందు ఈమె ఒంటరిగా కూచున్న ఆ పొద్దును తలచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అత్త దుప్పటి విప్పి ఆయన మీద పరిచింది. సగమే కదా, మనిషి మొత్తానికి చాలదు. ఎర్ర అంచు ఒక పక్కకు వచ్చింది. కుట్టు రంధ్రాల వైపు సరిగ్గా గుండెల నడుమ ఆగింది. ఎడమ భుజం, ఎడమ చెయ్యి తెల్లచొక్కాలో అట్లాగే బయట ఉండిపోయాయి. ఎవరో దుప్పటిని నడుమకు లాగబోయారు.

"ఉండనియ్యుండ్రి," అంది అత్త. "ఆయినకు గట్లనే అలవాటు."

తర్వాత చుట్టాల బట్టలు, తువ్వాళ్లు, పూలదండలు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ కాళ్ల వైపు, కుడి వైపు పడ్డాయి. ఎడమ పక్కన ఎవరూ ఏమీ పెట్టలేదు. ఎవరూ చెప్పలేదు, అయినా పెట్టలేదు. వాడ చివర చింతల మలుపు దాకా నేను పాడె వెంట నడిచాను. ఆడవాళ్లం అక్కడ ఆగిపోయాం. ఎండ ఏటవాలుగా పడుతోంది. నలుగురి భుజాల మీద ఆయన పోతున్నాడు, ఒక పక్క ఎర్ర అంచు, ఇంకో పక్క ఒక మనిషి పట్టేంత జాగా.